సెల్‌ఫోను తరంగాలకు కొలత
(దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతపు తెలుగు తరగతి విద్యార్థులకోసం చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలారా!

మీరుండే పేటకు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అని పేరు. అరబ్బీలో మతార్ ఖదీమ్ అంటారు. రెంటికీ అర్థం ఒకటే, పాత విమానాశ్రయం. 2014లో ప్రయాణికుల విమానాలు కొత్త హమద్ విమానాశ్రయానికి తరలిపోయేదాకా దేశదేశాల విమానాలు ఈ పక్కనే దిగేవి. 2022లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు వచ్చినప్పుడు పాత విమానాశ్రయాన్ని మళ్ళీ కొంతకాలం తెరిచారు.

ఆకాశంలో ఉన్న పైలట్‌తో నేలమీద ఉన్నవారు మాట్లాడేది ఎట్లా? తీగ లేదు కదా! రేడియో తరంగాలతోనే. మబ్బు చాటున ఉన్న విమానం జాడ కనిపెట్టే రాడార్ కూడా రేడియో తరంగాలతోనే పనిచేస్తుంది. అంటే, మన జేబుల్లోకి సెల్‌ఫోన్లు రాకముందే మీ వీధులమీదుగా ఈ తరంగాలు పోతూ ఉండేవన్నమాట.

ఇప్పుడు అవి మరింత దగ్గరికి వచ్చాయి. మేడమీద టవరు, గోడకు వైఫై పెట్టె, చేతిలో సెల్‌ఫోను. శుక్రవారం సెలవునాడు కరీంనగర్‌లో ఉన్న నానమ్మతోనో, భీమవరంలో ఉన్న అమ్మమ్మతోనో ముఖాముఖి మాట్లాడగలుగుతున్నామంటే ఆ తరంగాల చలవే.

అయితే ఆ మాటల మధ్యనే ఒక భయం కూడా వినబడుతూ ఉంటుంది. “ఫోను దిండుకింద పెట్టుకోకురా, రేడియేషన్ తగులుతుంది” అంటుంది అమ్మమ్మ. “ఎదురింటిమీద టవరు పెట్టారు, ఇల్లు మారదామా?” అంటుంది అమ్మ. “అదంతా ఒట్టి పుకారు” అంటారు బాబాయిగారు. ముగ్గురూ మన మేలు కోరేవారే. కాని ముగ్గురిలో ఎవరైనా కొలిచి చూశారా?

ఒళ్ళు వెచ్చగా ఉందని అనుమానం వస్తే జ్వరమానిని పెట్టి చూస్తాం. పాలలో నీళ్ళు కలిసాయేమోనని అనుమానం వస్తే పాలమానిని వేసి చూస్తాం. రేడియేషన్ మీద అనుమానం వచ్చినా అదే పద్ధతి. ముందు కొలవాలి. కొలిచిన అంకెకు అర్థమేమిటో తెలుసుకోవాలి. ఆ తరువాతనే భయపడాలో, ఊరుకోవాలో నిర్ణయించుకోవాలి. ఈనాడు మీకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక వివరాలలోకి వెళదాం.

రేడియేషన్ అంటే ఏమిటి?

రేడియేషన్‌ను తెలుగులో వికిరణం అంటాం. శక్తి ఒకచోటనుండి బయలుదేరి నాలుగు దిక్కులా వ్యాపించడమే వికిరణం. ఎండ వికిరణమే. కుంపటినుండి చేతికి తగిలే సెగ వికిరణమే. ఆసుపత్రిలో ఫొటో తీసే ఎక్స్-కిరణాలూ వికిరణమే. సెల్‌ఫోను తరంగాలూ వికిరణమే. ఇవన్నీ విద్యుదయస్కాంత తరంగాలు అనే ఒకే కుటుంబానికి చెందినవి.

ఒకే కుటుంబమైనా అందరి బలమూ ఒకటి కాదు. తరంగం ఒక సెకనులో ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. 1887లో రేడియో తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపిన జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ పేరుమీదుగా దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం. మన దేశంలో జగదీశ చంద్ర బోసు 1895లో కలకత్తాలో ఇలాంటి తరంగాలతోనే, తీగలు లేకుండా, దూరంగా ఉన్న గంటను మోగించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. సెల్‌ఫోను తరంగాలు సెకనుకు కోట్లసార్లు ఊగుతాయి. 900 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 90 కోట్లసార్లు. ఎక్స్-కిరణాలు అంతకంటే కోట్ల రెట్లు ఎక్కువ వేగంగా ఊగుతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? తరంగాలు శక్తిని చిన్నచిన్న పొట్లాలుగా మోసుకువస్తాయి. పౌనఃపున్యం ఎక్కువైతే ఒక్కొక్క పొట్లం బలమూ ఎక్కువ. చెట్టుమీద మామిడికాయ ఉందనుకోండి. దూదిపింజలు వెయ్యి విసిరినా కాయ రాలదు. ఒక్క రాయి సూటిగా తగిలితే రాలుతుంది. ఎక్స్-కిరణాల పొట్లం రాయిలాంటిది. మన కణాలలోని అణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలదు. దీన్ని అయనీకరణం అంటారు. సెల్‌ఫోను తరంగాల పొట్లం దూదిపింజలాంటిది. అయనీకరణానికి కావలసిన శక్తికంటే దాని శక్తి లక్షల రెట్లు తక్కువ.

అలాగని దూదిపింజలు ఏమీ చేయవనుకోవద్దు. అవి చాలా ఎక్కువైతే వేడి పుట్టిస్తాయి. వంటింట్లోని మైక్రోవేవ్ పొయ్యి చేసేది ఇదే. కాని ఆ పొయ్యి మూసిన లోహపు పెట్టెలో ఏడెనిమిది వందల వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. 4జీ ఫోను ప్రసారం చేసే అత్యధిక శక్తి సుమారు 0.2 వాట్లు మాత్రమే. చిన్న బెడ్‌లైటు బల్బు కూడా ఇంతకంటే ఎక్కువ శక్తినే వాడుకుంటుంది.

తప్పు పనిముట్టు, సరైన పనిముట్టు

రేడియేషన్ కొలిచే పనిముట్టు అనగానే చాలామందికి టకటకమని చప్పుడుచేసే గైగర్ కౌంటర్ గుర్తుకు వస్తుంది. మన దేశంలో అలాంటి పనిముట్లు తయారు కావడానికి పాటుపడినవారిలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ఆయనే అయ్యగారి సాంబశివరావుగారు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, మన అణుశక్తి సంస్థలో పనిచేశారు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఆయనే మూలపురుషుడు. ఆ సంస్థకు దగ్గరగా ఉన్న ఎ.యస్.రావు నగర్‌కు ఆ పేరు ఆయనదే.

అయితే గైగర్ కౌంటర్‌ను సెల్‌ఫోను పక్కన పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అది అయనీకరణం చేసే కిరణాలను, అంటే మన పోలికలో రాళ్ళను లెక్కపెట్టే పనిముట్టు. దూదిపింజలు దానికి కనబడవు. జ్వరమానినితో బియ్యం తూచలేం కదా! సెల్‌ఫోను తరంగాలకు వేరే కొలతలు కావాలి. అవి ముఖ్యంగా రెండు. ఒకటి చెవిదగ్గర ఉన్న ఫోనుకు. రెండవది దూరాన ఉన్న టవరుకు.

మొదటి కొలత: ఫోను

చెవికి ఆనించిన ఫోనునుండి వచ్చే తరంగాలలో కొంత భాగాన్ని మన తల పీల్చుకుంటుంది. ఒక కిలోగ్రాము కణజాలం ఎన్ని వాట్ల చొప్పున పీల్చుకుంటున్నదో చెప్పే సంఖ్యను విశిష్ట శోషణ రేటు అంటారు. ఇంగ్లీషు అక్షరాలను కలిపి పొట్టిగా ‘సార్’ విలువ అని కూడా పిలుస్తారు.

మనిషి తలలో పరికరం పెట్టి కొలవలేం. అందుకని ఒక బొమ్మ తలను తయారుచేస్తారు. దాని గుల్లలో ఒక ద్రవాన్ని నింపుతారు. విద్యుత్తు విషయంలో ఆ ద్రవం మన తలలోని కణజాలంలాగానే ప్రవర్తించేటట్లు కలుపుతారు. ఫోనును బొమ్మ చెంపకు ఆనించి, అది అత్యధిక శక్తితో ప్రసారం చేసేటట్లు చేస్తారు. ఒక మరచేయి సన్నని కొలతపుల్లను ద్రవంలో ముంచి, అంగుళం అంగుళం జరుపుతూ విద్యుత్ క్షేత్రాన్ని కొలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన చోటి విలువనే తీసుకుంటారు.

మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుండి ఈ పరిమితి కిలోగ్రాముకు 1.6 వాట్లు. ఒక గ్రాము కణజాలంమీద సగటు తీసి దీన్ని లెక్కిస్తారు. ఐరోపా దేశాలలో తలకు పరిమితి 2 వాట్లు. అక్కడ పది గ్రాములమీద సగటు తీస్తారు. కాబట్టి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చెప్పడం సరికాదు. గజాన్ని మీటరుతో పోల్చినట్లవుతుంది.

మీ ఇంట్లో ఉన్న ఫోను విలువ ఎంతో మీరే చూడవచ్చు. నాన్నగారి అనుమతి తీసుకుని ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కండి. చాలా ఫోన్లలో ఆ సంఖ్య తెరమీద కనిపిస్తుంది. కనిపించకపోతే ఫోనుతో వచ్చిన పుస్తకంలో వెతకండి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. అది ఫోను గట్టిగా అరిచినప్పటి కొలత. మామూలుగా ఫోను అంత అరవదు. టవరు బాగా అందుతున్నప్పుడు గుసగుసలాడుతుంది. లిఫ్టులోను, బేస్‌మెంటులోను టవరు సరిగా అందనప్పుడు గొంతు పెంచుతుంది.

కొలవడంవల్ల లాభమేమిటని మీరడగవచ్చు. ఒక నిజమైన సంగతి చెబుతాను. ఫ్రాన్సు దేశంలో రేడియో పౌనఃపున్యాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ అంగళ్ళలో అమ్మే ఫోన్లను తెప్పించి తానే కొలిపిస్తుంది. 2023లో అలా 141 ఫోన్లను పరీక్షించగా ఐఫోన్ 12 అనే ఫోను ఒక పరీక్షలో తప్పింది. చేతిలోనో జేబులోనో ఒంటికి ఆనుకుని ఉన్నప్పుడు పరిమితి కిలోగ్రాముకు 4 వాట్లు కాగా, దానికి 5.74 వచ్చింది. వెంటనే ఆ ఫోను అమ్మకం ఆపమన్నారు. తయారుచేసిన ఆపిల్ సంస్థ మొదట ఆ కొలతతో ఏకీభవించలేదు. తరువాత ఫోను ప్రసార శక్తి తగ్గేటట్లు ప్రోగ్రాంలో మార్పు చేసి పంపింది.

చూశారా! ఎంత పేరున్న సంస్థ అయినా కొలబద్దకు తల వంచవలసిందే. ఇక్కడ ఇంకొక సంగతి కూడా ఉంది. పరిమితి దాటింది కనుక ఆ ఫోను వాడినవారందరికీ జబ్బు చేసిందని కాదు. హాని మొదలయ్యే చోటికి చాలా ఇవతలనే పరిమితి గీత గీస్తారు. శరీరం మొత్తం సుమారు ఒక డిగ్రీ వేడెక్కాలంటే కిలోగ్రాముకు 4 వాట్ల చొప్పున ఒళ్ళంతా పీల్చుకోవాలి. ప్రజలకు అంతర్జాతీయంగా పెట్టిన పరిమితి 0.08 వాట్లు. అంటే యాభయ్యో వంతు. బావి గట్టుకు ఎంతో ముందుగానే కంచె కట్టినట్లన్నమాట. కంచె దాటినవాడు బావిలో పడ్డట్టు కాదు. కాని కంచె దాటనివ్వకూడదు.

రెండవ కొలత: టవరు

టవరునుండి వచ్చే తరంగాలను కొలవడానికి ఒక చేతిపరికరం ఉంటుంది. దాని చివర బంతిలాంటి గుండ్రని భాగం ఉంటుంది. అన్ని దిక్కులనుండి వచ్చే తరంగాలనూ అది పట్టుకుంటుంది. కొన్ని నిమిషాలపాటు కొలిచి సగటు తీస్తారు. ఆ పరికరం విద్యుత్ క్షేత్రాన్ని మీటరుకు ఇన్ని వోల్టులు అని చూపిస్తుంది. దాన్నుండి ఒక చదరపు మీటరుమీద ఎన్ని వాట్లు పడుతున్నాయో తెలుసుకోవాలంటే చిన్న లెక్క ఉంది. ఆ సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, 377తో భాగించాలి.

ఉదాహరణకు, ఒక మేడమీద పరికరం 2 వోల్టులు చూపిందనుకుందాం. రెండు రెళ్ళు నాలుగు. నాలుగును 377తో భాగిస్తే సుమారు 0.01 వాటు. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు అనేక దేశాలు పాటించే అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 4.5 వాట్లు. మనం లెక్కగట్టినది అందులో నాలుగు వందలవ వంతుకంటే తక్కువ. భారత ప్రభుత్వం 2012లో ఇంకా కట్టుదిట్టం చేసి, ఆ అంతర్జాతీయ పరిమితిలో పదోవంతునే పెట్టింది. అది 0.45 వాట్లు. దానితో పోల్చినా మన సంఖ్య నలభయ్యోవంతు లోపే.

టవరు సంగతిలో చాలామందికి తెలియనిది ఒకటుంది. టవరుమీది ఆంటెన్నా సముద్రపు దీపస్తంభంలాంటిది. దాని వెలుగు దూరానికి అడ్డంగా పోతుంది గాని స్తంభం మొదట్లో ఎక్కువగా పడదు. కనుక టవరు ఉన్న మేడ కింది అంతస్తులలో తరంగాలు అంతగా పడకపోవచ్చు. ఆంటెన్నాకు సూటిగా ఎదురుగా, మరీ దగ్గరగా నిలబడడమే మంచిది కాదు. అందుకే అక్కడికి ఎవరూ వెళ్ళకుండా హెచ్చరిక బోర్డులు పెడతారు. మేడమీదికి గాలిపటం కోసమో, బంతి కోసమో ఎక్కినప్పుడు ఆ బోర్డును దాటి వెళ్ళకండి.

ఇంకొక విచిత్రం చెబుతాను. టవర్లన్నిటినీ పేటనుండి దూరంగా తరిమేస్తే ఏమవుతుంది? మన ఫోను దూరపు టవరుకు వినబడాలని గొంతు పెంచుతుంది. ఆ అరుపు చెవిపక్కనే కదా! టవరును చూసి భయపడి, చెవిదగ్గరి తరంగాలను పెంచుకున్నవారమవుతాం.

దూరం చేసే మేలు

ఇప్పుడొక చిన్న ప్రయోగం. అట్టముక్కలో రెండు సెంటీమీటర్ల చదరపు రంధ్రం చేయండి. గదిలో దీపం ఆర్పి, ఫోను టార్చిని అట్టకు 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. టార్చినుండి గోడ 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. గోడమీద పడిన వెలుగు చదరాన్ని కొలవండి. భుజం సుమారు 4 సెంటీమీటర్లు వస్తుంది. వైశాల్యం నాలుగు రెట్లయింది. ఉన్న వెలుగే నాలుగు రెట్ల చోటులో పరుచుకున్నది. అంటే ఒక్కొక్క చోట పడే వెలుగు నాలుగోవంతయింది. దూరం మూడు రెట్లయితే తొమ్మిదోవంతు. రేడియో తరంగాలూ ఇలాగే పలచబడతాయి. ఫోనుకు మరీ ఆనుకుని ఉన్నచోట ఈ లెక్క అచ్చంగా సరిపోదు. అయినా దూరం పెరిగేకొద్దీ అవి త్వరత్వరగా తగ్గిపోతాయన్నది నిజం. చెవికి ఆనించిన ఫోనుకూ, జానెడు దూరంలో పెట్టి స్పీకరులో మాట్లాడే ఫోనుకూ ఎంతో తేడా ఉంటుంది.

అయితే ప్రమాదం ఉందా, లేదా?

ఈ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్లు జవాబు చెప్పుకోవాలి. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను ‘క్యాన్సర్‌కు కారణం కావడానికి అవకాశం ఉన్నవి’ అనే జాబితాలో చేర్చింది. ఆ మాట విని ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ జాబితాకు అర్థం ‘క్యాన్సర్ తెస్తుంది’ అని కాదు. ‘సాక్ష్యం కొద్దిగానే ఉంది, ఇంకా పరిశోధించాలి’ అని. ఆసియా దేశాలలో సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలు కూడా అదే జాబితాలో ఉన్నాయి.

తరువాత పరిశోధనలు సాగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై శాస్త్రజ్ఞులు 1994 నుండి 2022 దాకా వెలువడిన 63 అధ్యయనాలను కూర్చి పరిశీలించారు. ఆ ఫలితం 2024లో వెలువడింది. సెల్‌ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని అందులో తేలింది. ఫోన్లు వాడేవారు ఎన్నో రెట్లు పెరిగినా ఆ జబ్బు అదే లెక్కన పెరగలేదు. పరిశోధన అక్కడితో ఆగిపోలేదు. కొత్త తరంగాలు వచ్చేకొద్దీ కొత్తగా కొలుస్తూనే ఉంటారు. అది భయం కాదు, జాగ్రత్త.

కొలవకుండా భయపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2020లో కరోనా వ్యాధిని 5జీ తరంగాలే తెచ్చాయని ఎవరో పుకారు పుట్టించగా, బ్రిటన్‌లో కొందరు టవర్లకు నిప్పు పెట్టారు. మనుషులు ఇళ్ళు కదలలేని ఆ రోజుల్లో, వైద్యుణ్ణి పిలవడానికీ, అయినవారి యోగక్షేమాలు కనుక్కోవడానికీ ఆ టవర్లే ఆధారం. 2021లో మన దేశంలోనూ అటువంటి పుకారే లేచింది. అప్పటికి దేశంలో 5జీ పరీక్షలు ఎక్కడా మొదలుకానే లేదని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. లేని తరంగాలు జబ్బు ఎట్లా తెస్తాయి? వచ్చిన వార్తను పంపేముందు ఈ ప్రశ్న ఒక్కరు వేసుకున్నా పుకారు అక్కడే ఆగిపోయేది.

మనం చేయవలసినవి

ఎక్కువసేపు మాట్లాడవలసి వస్తే స్పీకరో, ఇయర్‌ఫోనో వాడండి. లిఫ్టులోను, బేస్‌మెంటులోను టవరు అందనప్పుడు పెద్ద కబుర్లు పెట్టుకోకండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్న తాతగారి చొక్కా జేబులో ఫోను పెట్టనివ్వకండి. దానికి జానెడు దూరంలో ఉంచడం మంచిది. రేడియేషన్‌ను పీల్చేస్తాయంటూ అమ్మే బిళ్ళలు, స్టిక్కర్లు కొనవద్దు. అవి ఆంటెన్నాకు అడ్డుపడితే ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది.

తరంగాలకంటే ముందుగా భయపడవలసినవి వేరే ఉన్నాయి. ఫోను చూస్తూ రోడ్డు దాటడం. బండి నడుపుతూ మాట్లాడడం. వేసవిలో మూసిన కారులో ఫోను వదిలేయడం. ఆ వేడికి బ్యాటరీ చెడిపోవచ్చు, అంటుకోనూవచ్చు. అర్ధరాత్రిదాకా తెర చూసి నిద్ర పాడుచేసుకోవడం. వీటివల్ల కలిగే హాని కళ్ళెదుట కనబడుతూనే ఉంది. అమ్మమ్మ దిండుకింద ఫోను వద్దన్న మాట వినవలసిందే. తరంగాలకు జడిసి కాదు. దిండుకింద గాలి ఆడక ఫోను వేడెక్కుతుంది, మీ నిద్రా చెడుతుంది.

పిల్లలారా! సెలవు తీసుకునేముందు మీకొక లెక్క ఇస్తున్నాను. ఒక మేడమీద పరికరం మీటరుకు 6 వోల్టులు చూపింది. చదరపు మీటరుకు ఎన్ని వాట్లు? అది 4.5 వాట్ల పరిమితిలో ఎన్నోవంతు? 0.45 వాట్ల పరిమితిలో ఎన్నోవంతు? నోట్సులో చేసి, ఇంట్లో అమ్మకు, నాన్నగారికి చూపించండి. ఇకమీదట ఎవరైనా “రేడియేషన్!” అని గాబరాపడితే వారిని నవ్వకండి, వారితోపాటు గాబరాపడకండి. వినయంగా మూడే మాటలు అడగండి: “ఎంత? ఎంత దూరంలో? ఎంతసేపు?”